చేయని కర్మకు ఫలము

మన గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి పల్లెలలో నడివయస్సు దాటని మనుష్యుడొకడు గుండెపోటుతో నేలకొరిగినప్పుడు, ఆ యింటి వాకిట చేరిన బంధుజనము నోట సామాన్యముగా రెండు మాటలు వినవచ్చును. "వాడి కర్మ అట్లా ఉంది, మనమేం చేస్తాం" అనునది మొదటి మాట. పెద్దలు దానిని నిట్టూర్పుతో పలుకుదురు. "చెబితే విన్నాడా, చుట్ట మానలేదు, ఒళ్ళు చూసుకోలేదు" అనునది రెండవ మాట. పట్నమున చదివి వచ్చిన పిల్లలు దానిని తీర్పు చెప్పినట్లు పలుకుదురు. మొదటిది పాతకాలపు విశ్వాసమనియు, రెండవది వైద్యశాస్త్రసమ్మతమైన వివేకమనియు మనకు తోచుట సహజము. కాని కొంచెము నిలిచి విచారించినచో నవి రెండును తోబుట్టువులని తెలియగలదు. ఒకటి దోషమును పూర్వజన్మమున వెదకును, రెండవది యీ జన్మముననే వెదకును. వెదకు చోటు మారినదే కాని వెదకబడు మనుష్యుడు మారలేదు. పడినవాడే తన పాటునకు కర్త యని రెండును నిశ్చయించును. ఆ నిశ్చయముతో వాకిట కూర్చున్నవారందరును నిర్దోషులై లేచి పోవుదురు.

నేను విచారింపగోరినది యా నిశ్చయమునే. రక్తనాళముల గోడలను యంత్రములతో చూచి హృదయరోగమును పరిశోధించువారు ఇటీవలి దశాబ్దములలో కనుగొన్న విషయములు ఆ నిశ్చయమును నిలువనిచ్చునా, నిలువనీయనిచో కర్మసిద్ధాంతమును శ్రద్ధతో నమ్మినవాడు వానిని చదివి యేమి చేయవలెను అనునది ప్రశ్న. సిద్ధాంతమును తృణీకరించువారికి ఈ ప్రశ్న పుట్టదు. పరిశోధనను లెక్కసేయనివారికిని పుట్టదు. రెంటిని గౌరవించువానికే యిది బాధ, ఆ బాధను దాచుకొని యూరకుండుట నాకు సాధ్యము కాలేదు.

కర్మసిద్ధాంతమునకు ప్రాణము న్యాయబుద్ధి. చేసిన పని ఫలమీయక నశింపరాదు. చేయని పని ఫలము వచ్చి మీద పడరాదు. మన దార్శనికులు మొదటి దోషమునకు కృతనాశమనియు, రెండవదానికి అకృతాభ్యాగమమనియు పేరిడి, పరమతమును పరీక్షించునప్పుడు అందు నీ రెండు దోషములు తగులునా యని చూచుచుండిరి. గౌతముని న్యాయసూత్రముల తృతీయాధ్యాయము ముగియుట యీ అకృతాభ్యాగమ ప్రసంగముతోనే. సృష్టిలోని హెచ్చుతగ్గులకు ఈశ్వరుని పక్షపాతము గాని క్రూరత్వము గాని కారణము కాదనియు, ప్రాణుల కర్మమే కారణమనియు శంకరులు బ్రహ్మసూత్రభాష్యమున స్థాపించి, సంసారమునకు ఆది యున్నదనినచో చేయనిదానికి ఫలము కలుగవలసివచ్చును గనుక అది అనాదియే యని వాదించిరి. పుట్టుకతోనే కన్నులు లేని శిశువును చూచి, ఈ పసికందేమి చేసినదని తల్లడిల్లిన మనస్సులోనుండియే జన్మాంతరవాదమునకు బలము వచ్చినదని నా నమ్మకము. అది దుఃఖితుని నిందించుటకు పుట్టినది కాదు. లోకమున అన్యాయమునకు తుదిమాట యుండరాదని పట్టుబట్టినవారి ఆవేదనలోనుండి పుట్టినది.

కర్మమునకును ఫలమునకును నడుమ కాలమున్నది. ఈనాడు చేసిన యాగము ఎన్నడో స్వర్గమునిచ్చునన్నచో, అంతవరకు నా శక్తి యెక్కడ నిలిచియుండునని మీమాంసకులు తమ్ము తామే ప్రశ్నించుకొని, అపూర్వమనుదానిని అంగీకరించిరి. నైయాయికులు ధర్మాధర్మములను ఆత్మగుణములలో చేర్చి వానిని అదృష్టమనిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున లెక్కించిన యిరువదినాలుగు గుణములలో అవి రెండును కలవు. అది కంటికి కనబడదు, కాని తప్పక పండును. ఇంతవరకు సిద్ధాంతము. ఇక చూచువారి సంగతి.

ఉన్న వస్తువే యేల కనబడదని సాంఖ్యకారిక యెనిమిది కారణములు చెప్పినది. మిక్కిలి దూరమగుట, మిక్కిలి దగ్గరగుట, ఇంద్రియము చెడుట, మనస్సు నిలువకుండుట, వస్తువు సూక్ష్మమగుట, నడుమ అడ్డుండుట, ప్రబలమైన మరియొకదానిచే కప్పబడుట, తనవంటివానిలో కలిసిపోవుట. హృదయమును చూడగోరినవారి చరిత్రయంతయు వీనిలో కొన్నిటితో చేసిన పోరాటమే. 1895 నవంబరులో రాంట్‌జెన్ కనుగొన్న కిరణములు చర్మమాంసముల అడ్డును తొలగించెను. 1929లో ఫోర్స్‌మన్ అను జర్మను యువవైద్యుడు సన్నని గొట్టమును తన చేతిసిరగుండ తన గుండెవరకు పంపుకొని, నడిచి ఎక్స్‌రే గదికి పోయి చిత్రము తీయించుకొనెను. 1953లో స్వీడనులోని లుండ్ నగరమున ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు చెవికందని ధ్వనితరంగములను రొమ్ము మీదినుండి పంపి, కదలు గుండెగోడల ప్రతిధ్వనిని గ్రహించిరి. 1958లో క్లీవ్‌లాండున మేసన్ సోన్స్ పరీక్ష చేయుచుండగా గొట్టపు కొన అనుకోకుండ హృదయధమనిలోనికి జారి, రంగుద్రవ్యము అందు నిండెను. ప్రమాదమేమో యని భయపడిన యా క్షణమే, గుండెకు రక్తమునిచ్చు సన్నని ధమనుల స్పష్టచిత్రమునకు ఆరంభమయ్యెను. 1971లో హౌన్స్‌ఫీల్డు యంత్రము మనుష్యుని తలలోపలిని పొరలుపొరలుగా చూపెను. 1973లో లాటర్‌బర్ అయస్కాంతక్షేత్రముతో చిత్రములు తీయు త్రోవ చూపెను. గుండె నిమిషమైనను కదలక నిలువదు గనుక, దాని విద్యుత్సంకేతమును పట్టుకొని, అనేకస్పందనములనుండి ఒకే యవస్థను ఏరి కూర్చి చిత్రముగా మలచు నేర్పు తరువాత కుదిరినది. అడ్డు పోయినది, సూక్ష్మత చాలవరకు లొంగినది. మిక్కిలి దగ్గరగుట, మనస్సు నిలువకుండుట అను రెండింటికి మాత్రము ఏ ప్రయోగశాలయందును యంత్రము పుట్టలేదు. ఈ మాట మరల అవసరమగును.

రాంట్‌జెన్ కిరణములు బయటపడిన యా 1895వ సంవత్సరము జనవరిలోనే భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావు పుట్టెను. ఆయన చిత్రములు తీసినవాడు కాడు. ఐనను హృదయమును చూచు విద్యలలో మిక్కిలి లోతైనదానికి పునాది ఆయన చేతిది. యౌవనమున రామకృష్ణమఠమున చేరి సన్న్యసింపవలెనని తపించినవాడు. తల్లి యొప్పుకొనలేదు, వైద్యము చదివి సేవచేయుమను బోధ ఆయనను ఆ వైపునకు త్రిప్పినది. సోదరులను సంగ్రహణి బలిగొన్న దుఃఖము వెన్నంటి యుండెను. 1922లో బోస్టను చేరి, హార్వర్డున ఫిస్కేతో కలిసి, రక్తమందును ధాతువులందును భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెలువరించెను. ఆ కొలమానమే కరదీపికగా 1927లో ఫాస్ఫోక్రియేటినును, 1929లో ఏటీపీని కండరములనుండి వేరుపరచిరి. అదే 1929లో జర్మనీయందు లోమన్ కూడ ఏటీపీని కనుగొనెను. కండరము సంకోచించుటకు కావలసిన శక్తిని తక్షణమందిచ్చునది ఏటీపీ; అది తరుగగానే మరల పూరించునది ఫాస్ఫోక్రియేటిను. ఈనాడు అయస్కాంతయంత్రమున రోగిని పరుండబెట్టి, రొమ్ము కోయకుండ, సూది గ్రుచ్చకుండ, భాస్వరకేంద్రకముల సంకేతమును గ్రహించి, కొట్టుకొనుచున్న గుండెలో ఈ రెండు ద్రవ్యముల నిష్పత్తిని తెలిసికొనుచున్నారు. గుండెకండరము సాగి నీరసించిన రోగులలో ఆ నిష్పత్తి బాగుగ తగ్గినవారికి మృత్యుభయము ఎక్కువయని 1997లో జర్మను పరిశోధకులు చూపిరి. సుబ్బారావు 1948 ఆగస్టులో అమెరికాలోనే గుండె ఆగి మరణించెను. ఇటువంటి చిత్రములను చూచుటకు ఆయన మిగులలేదు.

హృదయగుహలోనున్న పరబ్రహ్మమును వెదుకగోరిన యువకుడు తుదకు అచట భాస్వరమును కనుగొనెనని విచారించువారున్నారు. నాకట్టి విచారము లేదు. ఛాందోగ్యోపనిషత్తు దహరవిద్యలో, ఈ శరీరమను పురమందలి చిన్న పద్మగృహములో నొక ఆకాశమున్నదని చెప్పి, శరీరము ముసలిదైనను అది ముసలిది కాదని వెంటనే విడదీసి చెప్పినది. ఇల్లు వేరు, ఇంటిలోని ఆకాశము వేరు. యంత్రము చూపునది యింటిని. చెడునదియు, గట్టిపడునదియు, పూడునదియు ఇల్లే. ఆత్మ యంత్రమునకు చిక్కలేదని జయధ్వానము చేయుటయు, చిక్కలేదు గనుక లేదనుటయు ఉపనిషత్తు చదువని తొందరపాటులే. ఆత్మవిషయమున హృదయపరిశోధనకును శాస్త్రమునకును తగవు లేదు. తగవున్నది కర్మఫలవిషయముననే.

ఏలయన, హృదయధమనుల రోగము గుండెపోటునాడు పుట్టదు. ధమని లోపలిపొరలో కొవ్వు చేరుట, దానిచుట్టు శోథ రగులుట, గోడ మందమగుట, పిమ్మట అందు సున్నము పేరుకొనుట, ఇదంతయు దశాబ్దముల పని. మనుష్యునికి నొప్పి లేదు, ఆయాసము లేదు, అనుమానము లేదు. ఆ సున్నమును సీటీ చిత్రమున చూచి అంకెలలో కొలుచు పద్ధతిని 1990లో అగాట్‌స్టన్ మొదలగువారు ప్రకటించిరి. గుండె వరకు పోనక్కరలేకుండ, మెడలో చర్మమునకు దగ్గరగా పైకెక్కు ధమని గోడను ధ్వనియంత్రముతో చూచి, అందలి లోపలి రెండు పొరల మందమును కొలుచుట మరియొక పద్ధతి. ఆ మందము సాధారణముగా ఒక మిల్లీమీటరులోపు. ఆ యంత్రమును పెట్టెలో పెట్టుకొని పల్లెకు పోవచ్చును, బడిగదిలో బల్లమీద పరుండబెట్టి చూడవచ్చును. ఎప్పుడో జరిగినదానికిని, ఎప్పుడో కలుగబోవు ఫలమునకును నడుమ నిలిచియున్న అవస్థ, మన పెద్దలు ఆత్మగుణముగా తప్ప ఊహింపలేకపోయిన యా నడిమి యవస్థకు దేహమునందు సరిపోలునది, తెరమీద బూడిదరంగు గీతగా కనబడుచున్నది. దీనిని అదృష్టమని నేననను. అది దార్శనికుల మాటను దొంగిలించుట యగును. కాని ప్రశ్న మాత్రము అదియే: ఈ గీత యెవరు చేసినదానికి ఫలము?

హైదరాబాదు చుట్టుపట్ల పల్లెలలో 1987 మొదలు 1990 వరకు, గర్భిణీస్త్రీలకును పసిపిల్లలకును అదనపు ఆహారమిచ్చు పథకము కొన్ని గ్రామములలో ముందుగా ప్రారంభమై, ప్రక్కగ్రామములలో ఇంకను ప్రారంభము కాకపోగా, జాతీయపోషకాహారసంస్థవారు ఆ భేదమును పరిశీలించిరి. ఆ పిల్లలు పదమూడు మొదలు పదునెనిమిది యేండ్లవారైన పిమ్మట, పరిశోధకులు మరల పోయి వేయిమందికి పైగా పరీక్షించిరి. 2008లో ఆ ఫలితములు వెలువడెను. గర్భమందును శైశవమందును ఆ యాహారము అందిన గ్రామముల పిల్లలు కొంచెము పొడగరులైరి. వారి ధమనులు కొంచెము మెత్తగా నుండెను. ఇన్సులిను వారి దేహములందు మేలుగా పనిచేయుచుండెను. తల్లి గర్భిణిగానున్నప్పుడు ఊరి అంగనవాడీలో ఒక గిన్నె యున్నదా లేదా అనునది, పదునైదేండ్ల బాలుని ధమనిలో తెలియుచున్నది. ఆ బాలుడేమి చేసెను? పుట్టకముందు అతడు ఏ గ్రామమును కోరుకొనెను?

ఆ పల్లెల జనమునే విడువక అనుసరించిన పరిశోధనలో, మెడధమని గోడ మందమును ధ్వనియంత్రముతో కొలిచిరి. తరువాత గాలిని గూర్చి విచారించు మరియొక బృందము, ఇరువదెనిమిది గ్రామములలో మూడువేలకు పైబడిన మనుష్యుల కొలతలను, వారు పీల్చు అతిసూక్ష్మధూళితోడను, వారి యింటి పొయ్యితోడను పోల్చి 2020లో ప్రకటించినది. బయటిగాలిలో ధూళి యెక్కువైనకొలది ధమని గోడ మందము హెచ్చుగా కనబడినది. కట్టెలు, పిడకలవంటివి మండించి వండుకొను ఇండ్లయందును హెచ్చుగా కనబడినది. స్త్రీలలో, పొగ బయటికి పోవు దారి లేనిచోట వండువారియందు ఆ సంబంధము బలముగా నుండెను.

ఈ వాక్యమును చదివినప్పుడు నా మనస్సు హైదరాబాదు దగ్గర నిలువక మన మెట్టపొలములకు వచ్చినది. పల్నాటిలో గాని, ఒంగోలు చుట్టున గాని, పత్తి తీత ముగిసిన తరువాత పీకిన పత్తికట్టె మోపులు మోపులుగా ఇండ్ల వెనుక చేరును, మిరపకట్టె చేరును, కందికట్టె చేరును. డబ్బు పెట్టి కొననక్కరలేని వంటచెరకు అది. ఎండిన పత్తికట్టె భగ్గున మండి చప్పున ఆరిపోవును గనుక పొయ్యిదగ్గరనుండి లేవ వీలులేదు, ఎగద్రోయుచునే యుండవలెను. వానకు తడిసినదా, మంటకంటె పొగయే ముందు. ఊదుగొట్టము నోటికానించి, కన్నులు తుడుచుకొనుచు, తెల్లవారకముందు కూలికి పోవు మనుష్యులకు అన్నము వండు స్త్రీ యా పొగను దినదినము పీల్చును. ఆమె చుట్ట ముట్టించలేదు. ఎరిగి యే యపథ్యమును చేయలేదు. ఆమె చేసిన పని యింటిల్లిపాదికి అన్నము పెట్టుట. మన ధర్మశాస్త్రములు పుణ్యమని పొగడిన పని.

ఇచట నాకు ఒక విషయము తోచి చాలకాలము వదలలేదు. తర్కశాస్త్రమున అనుమానప్రమాణమునకు మొదటి ఉదాహరణము వంటయిల్లే. పొగ యెచట నుండునో నిప్పు అచట నుండును, వంటయింటియందువలె, అను వ్యాప్తిని తర్కసంగ్రహము చదివిన ప్రతి విద్యార్థియు వల్లించినాడు. నిప్పున్నచోట పొగ యుండుననుట మాత్రము సరికాదు, తడికట్టె కలిసినప్పుడే పొగ వచ్చును, ఆ తడికట్టెయే ఉపాధి యని సూక్ష్మముగా విడదీసినాడు. ఎన్ని శతాబ్దములనుండియో మన పండితులు వంటయింటి పొగను చూచుచున్నారు, తడికట్టెను చూచుచున్నారు, వాని సంబంధమును వెంట్రుకవాసి తప్పకుండ నిర్ణయించుచున్నారు. ఆ పొగలో కూర్చున్న మనిషి వ్యాప్తిలోనికిని రాలేదు, ఉపాధిలోనికిని రాలేదు. మిక్కిలి దగ్గరగుటచే కనబడనివస్తువని సాంఖ్యులు చెప్పినది యిదియే. ఇది వారి తర్కమునకు దోషము కాదు; అన్నము వడ్డింపబడిన పిమ్మట శాస్త్రవిచారమునకు కూర్చుండు మనవంటివారందరి దోషము.

పరిశోధకులు కూడ ఉపాధినే వెదకుదురు. కట్టెలపొయ్యి యున్న యిల్లు పేదయిల్లు; పేదయింట తిండి వేరు, పని వేరు, చదువు వేరు; ధమని గోడ మందమగుటకు పొగ కారణమా, పేదరికము కారణమా యని విడదీయుటకు వారు లెక్కలతో పడు శ్రమ నైయాయికుని శ్రమకు తీసిపోదు. అంత విడదీసినను వారు చెప్పగలిగినది సమూహమును గూర్చియే. పొగలో వండు వేయిమంది ధమనుల సగటు, పొగలేక వండు వేయిమంది సగటుకంటె హెచ్చని చెప్పగలరు. ఫలానా సీతమ్మ ధమనిలోని ఈ మందము ఆ పొయ్యివలననే కలిగినదని యే పరిశోధకుడును ప్రమాణము చేయలేడు. కర్మసిద్ధాంతమో, ఎల్లప్పుడును ఒక్కొక్క జీవునిగూర్చియే మాటలాడును. ఒకటి జనసమూహమును తెలియును, వ్యక్తిని తెలియదు. మరియొకటి వ్యక్తిని తెలియుననును, సమూహమును పట్టించుకొనదు. ఈ నడిమి ఖాళీలోనికే నింద సులువుగా ప్రవేశించును. తెరమీద గీతను చూచిన వైద్యుడు, నీవు ఒళ్ళు చూసుకోలేదని నోరుజారుటకును, పక్కింటి ముసలమ్మ నీ కర్మమనుటకును ఆ ఖాళీయే చోటిచ్చుచున్నది.

పండితుని సమాధానము నాకు తెలియనిది కాదు. ఆమె అట్టి యింట పుట్టుటయే, అట్టి పొయ్యి ముందు కూర్చుండవలసివచ్చుటయే పూర్వకర్మఫలము, గనుక అకృతాభ్యాగమ దోషము లేదని ఆయన చెప్పును. ఈ సమాధానమును తర్కముతో ఖండింప వీలులేదు. ఖండింపవలెనని నేను కోరుటయు లేదు. కాని ఖండింప వీలులేని సమాధానము ప్రతి ప్రశ్నకును సరిపోవుటచేతనే, ఏ ప్రశ్నకును ప్రత్యేకముగా సమాధానము కాజాలదు. పొయ్యికి పొగగొట్టము పెట్టినప్పుడును అది సరిపోవును, పెట్టనప్పుడును సరిపోవును. అట్టిదానిని దుఃఖములోనున్న యొకని మీద ప్రయోగించుటకు మనకు అధికారమున్నదా యనునదే నా సందేహము.

ఈ సందేహము నాతో పుట్టినది కాదు. కృష్ణాతీరమున అమరావతియందు స్తూపము కట్టించినవారు ఎవని మతమును అనుసరించిరో, ఆ బుద్ధభగవానుని మోలియసివకుడను పరివ్రాజకుడు సూటిగా నడిగినట్లు సంయుత్తనికాయమున నున్నది: మనుష్యుడనుభవించు సుఖదుఃఖములన్నియు పూర్వకర్మమువలననే యని కొందరనుచున్నారే, తాము ఏమందురు? పిత్తమువలన కలుగు వేదన యున్నది, శ్లేష్మమువలన కలుగునది యున్నది, వాతమువలన, మూడింటి కలయికవలన, ఋతువు మారుటవలన, శరీరమును సరిగా కాపాడుకొనకపోవుటవలన, ఇతరులు చేసిన హింసవలన కలుగునది యున్నది, కర్మవిపాకమువలన కలుగునదియు ఉన్నది; సర్వమును పూర్వకర్మమే యనువారు తామెరిగినదానిని, లోకమెరిగినదానిని దాటి పలుకుచున్నారని ఆయన ప్రత్యుత్తరము. కర్మమును ఎనిమిదింటిలో ఒకటిగా నిలిపినాడు. తక్కిన యేడింటిని తెలిసికొను బాధ్యతను మన మీద పెట్టినాడు.

బౌద్ధుని మాట మనకెందుకనువారు చరకసంహితను చూడవచ్చును. విమానస్థానము మూడవ యధ్యాయమున అగ్నివేశుడు గురువును అడిగిన ప్రశ్న యిది: ప్రకృతి వేరు, ఆహారము వేరు, బలము వేరు, మనస్సు వేరు, వయస్సు వేరైన మనుష్యులు ఒకే వ్యాధితో ఒకే కాలమున జనపదములకు జనపదములుగా నశించుట యెట్లు సంభవించును? ఒక్కొక్కరి దేహము వేరైనను వాయువు, జలము, దేశము, కాలము అందరికి సమానమని ఆత్రేయుడు చెప్పెను. అవి చెడుటకు మూలమేమన, అధర్మమనియు, అందును దేశమును, నగరమును ఏలువారు ధర్మము తప్పి నడచుట మొదలనియు చెప్పెను. కర్మమును ఆయన విడువలేదు. రోగి నుదుట వ్రాసిపెట్టక, గాలిని చెడగొట్టినవారి చేతులలో వెదకినాడు.

పొగ గుండెకు చేరుట నేటి మాటయు కాదు. ఈజిప్టు, పెరూ, ఉత్తర అమెరికా నైరృతి ప్రాంతము, అల్యూషను ద్వీపములు అను నాలుగు చోట్లకు చెందిన 137 ప్రాచీనశవములను సీటీ యంత్రమున చూచి, 2013లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన పరిశోధనలో మూడవవంతు దేహములందు ధమనులు గట్టిపడిన జాడ కనబడినది. నేటి నూనెమిల్లులు వారెరుగరు, నేటి విలాసములును ఎరుగరు. అల్యూషను ద్వీపవాసులు నేలలో త్రవ్వుకొన్న యిండ్లలో సముద్రజంతువుల కొవ్వును మండించి, ఆ మసిని పీల్చినవారు. పొయ్యిపొగయు కారణములలో నొకటి కావచ్చునని పరిశోధకులే తలపోసిరి. నేటిమనుష్యుల విలాసమే యీ రోగమునకు మూలమను ఉపన్యాసములు ఎన్నియో వింటిని. వానిని ఇక పూర్తిగా నమ్మలేను.

మన మండలములకు పొగతోనున్న బంధుత్వము పొయ్యితో ముగియదు. పొగాకు బోర్డు 1976లో ఏర్పడినప్పుడు దాని ప్రధానకార్యాలయమునకు గుంటూరు స్థానమైనది. ప్రకాశము మండలపు బ్యారనులలో ఆకు ఆరుటకు రాత్రింబవళ్ళు మంటను కాచు కూలివాడున్నాడు, ఆకును తరగతులుగా ఏర్చు స్త్రీలున్నారు, అప్పుచేసి కౌలుకు పట్టిన రైతున్నాడు, వేలము నడపు అధికారియున్నాడు, కొనిపోవు కంపెనీ యున్నది. తుదకు ఎచటనో కాల్చువాడును, వాని ప్రక్క గదిలో వాని పొగను పీల్చు బిడ్డయు ఉన్నారు. ఆ బిడ్డ ధమని గోడకు ఎవడు కర్త?

ఇందుకు మన శాస్త్రములందే ఒక దారి యున్నది, దానిని మనమంతగా నడువలేదు. మాంసభక్షణ ప్రకరణమున మనుస్మృతి, జంతువును చంపినవానినొక్కనినే ఘాతకుడనలేదు. అనుమతించినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందరును ఘాతకులే యన్నది. మాంసము తినవచ్చునా కూడదా యను వివాదము నాకిచట అక్కరలేదు. ఒక కర్మమునకు అనేకులు కర్తలు కావచ్చుననియు, కర్తృత్వము చేతినుండి చేతికి ప్రాకుననియు ఆ స్మృతికర్త గ్రహించుటయే నాకు విలువైనది. కర్మసిద్ధాంతమును ఈ దృష్టితో చదివినచో, రోగిని చూచి, నీవేమి చేసితివని అడుగుట తప్పు ప్రశ్న యగును; నేనేమి చేసితినని అడుగుకొనుట సరియైన ప్రశ్న యగును. తన కర్మమును తాను పరీక్షించుకొనువానికి ఆ సిద్ధాంతమును మించిన గురువు లేడు. పరుని రోగమును వివరించుటకు పూనుకొన్ననాడు, ఎవరి దుఃఖమును చూచి పుట్టినదో వారినే అది నిందించును.

శుభఫలము వచ్చినప్పుడు మనమే యీ లెక్కను మరచిపోవుదుము. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో 2016 మే నెలలో, డాక్టరు ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే నాయకత్వమున, మెదడు మరణించిన యొక మనుష్యుని గుండెను, గుండె చెడిన మరియొక పేదవానికి అమర్చిరి. ఇచ్చినది దుఃఖములో మునిగిన యొక కుటుంబము. పొందినవాడు వారికేమియు కానివాడు. చేయనిదానికి ఫలము రాకూడదనుట నిజమైనచో, ఇదియు అకృతాభ్యాగమమే. ఐనను ఆనాడు జిల్లాలో ఏ పండితుడును దోషము పట్టలేదు, పట్టకూడదు కూడ. అర్హతను విచారింపక ఇచ్చుటయే దానమునకు గౌరవమని అందరికి తెలిసియే యున్నది. అర్హతను విచారింపక మేలును పంచగలిగిన లోకము, కీడు అట్లే పంచబడుచున్నదని ఒప్పుకొనుటకు మాత్రము ఏల జంకవలెను?

కనుక మన పల్లెలకు కూడ ఆ పెట్టెలోని ధ్వనియంత్రము రావలెనని నేను కోరుచున్నాను. మాచర్ల మొదలు కందుకూరు వరకు, పత్తికట్టెతో వండు స్త్రీల మెడధమనులను కొలువవలెను. ప్రతి కొలతకును ప్రక్కన ఆ యింటి పొయ్యికి పొగగొట్టమున్నదో లేదో, కిటికీ యెటునున్నదో వ్రాయవలెను. ధూళిని, రోగిని విడిచి, తెరమీది గీతను మాత్రము తీసికొనిపోవు పరిశోధన చాలదు. కొలిచిన పిమ్మట ఆమె, "ఇది నా కర్మేనా అయ్యా?" అని అడుగక మానదు. కాదని చెప్పుటకు పరిశోధకునికి ప్రమాణము లేదు, ఔననుటకును లేదు. కాని ఆమెకు చెప్పదగిన సత్యమొకటి యున్నది: అమ్మా, ఇందులో నీవొక్కతెవే లేవు. 1999లో ఆంధ్రప్రదేశమున దీపం పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము గ్యాసు పొయ్యిని పేదయింటికి చేర్చినవి. సిలిండరు అయిపోయిననాడు మరల పత్తికట్టెయే పొయ్యిలోనికి వచ్చుచున్నది, ఏలయన సిలిండరుకు డబ్బు కావలెను, కట్టెకు అక్కరలేదు. ఆ ధరను నిర్ణయించువాడు ఇందులో నున్నాడు. పొగ పోవుటకు దారి విడువక వంటగది కట్టిన మేస్త్రీ యున్నాడు, ఆ గదికి బిల్లు మంజూరు చేసిన అధికారి యున్నాడు, సిలిండరు డబ్బులను పురుగుమందు అప్పుకు కట్టవలసివచ్చిన భర్త యున్నాడు, ఆ యప్పునకు వడ్డీ కట్టించుకొన్న వ్యాపారి యున్నాడు, ఆ పత్తితో నేసిన పంచె కట్టుకొని ఈ వ్యాసము వ్రాయుచున్న నేనును ఉన్నాను. ఎవరెంత భాగమునకు కర్తలమో తేల్చుకొనవలసిన పని మాది, ఆమెది కాదు.